బ్లాక్ ఫంగస్ వెళ్లిపోలేదు: షుగర్ ఉన్న ఇంట్లో తెలిసుండాల్సిన సంగతులు

2021 వేసవిలో అందరి నోటా నలిగిన బ్లాక్ ఫంగస్ పేరు ఇప్పుడు పెద్దగా వినపడటం లేదు. దాంతో అది కరోనాతో వచ్చి కరోనాతోనే పోయిందని చాలామంది అనుకుంటున్నారు. మ్యూకార్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్ అసలు పేరు ఇదే) కరోనాకు ముందూ మన దేశంలో ఉంది, ఇప్పుడూ ఉంది. మన దగ్గర ఇది ప్రధానంగా షుగర్ అదుపు తప్పినవాళ్ల జబ్బు. ఈ మాట ఇంట్లోవాళ్లకూ, మొదట చూసిన డాక్టరుకూ సమయానికి గుర్తు రాకపోవడం వల్లే కళ్లూ ప్రాణాలూ పోతున్నాయి.

కరోనా అనే పేరే లేని రోజుల లెక్క ఒకటి చూడండి. 2016 జనవరి నుంచి 2017 సెప్టెంబరు దాకా దేశంలోని 12 ఆసుపత్రులు కలిసి 465 కేసులు నమోదు చేశాయి. వాళ్లలో 73.5 శాతం మందికి షుగర్ ఉంది. మూడింట రెండొంతుల మందికి జబ్బు ముక్కు, కన్ను, మెదడు దారిలోనే పాకింది. 90 రోజులు తిరిగేసరికి 52 శాతం మంది చనిపోయారు. మన దేశంలో పది లక్షల మందికి సుమారు 140 కేసులుంటాయని పరిశోధకుల అంచనా. ప్రపంచ సగటుతో పోలిస్తే ఇది దాదాపు 70 రెట్లు. 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చిన దేశంలో ఇది వింతేమీ కాదు. తనకు షుగర్ ఉందన్న సంగతి ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన రోజే మొదటిసారి తెలిసేవాళ్లూ ఉంటారు.

2021లో జరిగింది ఆ పాత మంట మీద కిరోసిన్ పోయడం. ఆ జూన్ చివరికి కేంద్రం చెప్పిన లెక్క 40,845 కేసులు, 3,129 మరణాలు. అందులో షుగర్ ఉన్నవాళ్లు 64 శాతం, స్టెరాయిడ్లు వాడినవాళ్లు 52 శాతం పైచిలుకు. తెలంగాణలో మే నెలలోనే దీన్ని అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించారు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి నోడల్ కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. పారిశ్రామిక ఆక్సిజన్ వల్ల, జింకు మాత్రల వల్ల, ఆవు పేడ పొగ వల్ల అంటూ అప్పట్లో రకరకాల కారణాలు చెప్పారు. వాటిలో ఏదీ గట్టిగా రుజువు కాలేదు. చక్కెరా స్టెరాయిడూ కలిసిన దెబ్బ మాత్రం ప్రతి లెక్కలోనూ కనపడింది.

పేరు గురించి ఒక మాట. ఈ బూజు నల్లగా ఉండదు. ల్యాబులో పెంచితే తెల్లటి దూదిలా లేచి తర్వాత బూడిద రంగుకు తిరుగుతుంది. నల్లగా కనపడేది రక్తం అందక చచ్చిపోయిన మన కండే. అంటే నలుపు కనపడేసరికే ఆలస్యమైందన్నమాట. “ముఖం మీద నల్ల మచ్చ లేదుగా, బ్లాక్ ఫంగస్ కాదులే” అని ఊరుకోవడం ఈ పేరు తెచ్చిపెట్టిన కీడు. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటదు కూడా. రోగి పక్కన కూర్చోవచ్చు, అన్నం తినిపించవచ్చు.

దీని బీజాలు మట్టిలో, కుళ్లే ఆకుల్లో, బూజుపట్టిన రొట్టె మీద, గాలిలో అంతటా ఉంటాయి. మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఒంట్లోని తెల్లకణాలు వాటిని అక్కడికక్కడే తినేస్తాయి. షుగర్ బాగా పెరిగి రక్తంలో కీటోన్లు చేరి ఆమ్లత్వం ఎక్కువైతే రెండు జరుగుతాయి. తెల్లకణాల చురుకు తగ్గుతుంది. ప్రొటీన్లకు అంటిపెట్టుకుని ఉండాల్సిన ఇనుము విడివడి బూజుకు తిండిగా దొరుకుతుంది. ఇక ఈ బూజు పోగులు రక్తనాళాల గోడలు తొలుచుకుని లోపలికి దూరతాయి, నాళంలో రక్తం గడ్డకడుతుంది, దాని అవతలి భాగమంతా ఎండిపోతుంది. వైద్యమంతా కష్టమయ్యేది ఇక్కడే. రక్తం పారని చోటికి రక్తంలో ఎక్కించిన మందు ఎలా చేరుతుంది? అందుకే ఒక్క ఇంజెక్షన్‌తో ఇది లొంగదు, కత్తి కూడా పట్టాల్సిందే.

మొదటి గుర్తులు మామూలు జలుబులాగే ఉంటాయి. తేడా ఏమిటంటే ఒక పక్కే. ఒక ముక్కు రంధ్రమే దిబ్బడ, ఒక చెంపే నొప్పి లేదా మొద్దుబారడం, ఒక పక్కే తలనొప్పి, ఒక కంటి చుట్టూ వాపు. ముక్కు నుంచి రక్తం కలిసిన గోధుమరంగు చీమిడి. గట్టిగా ఉన్న పై పళ్లు ఉన్నట్టుండి కదలడం. చాలామంది ఈ గుర్తుతో పళ్ల డాక్టరు దగ్గరికే ముందు వెళతారు. పన్ను పీకాక ఆ గుంత మానకుండా ఎముక తెల్లగా బయటపడితే ఇక పళ్ల సమస్య అనుకోకూడదు. ఆ తర్వాత రెప్ప వాలిపోతుంది, ఒకటి రెండుగా కనపడుతుంది, కనుగుడ్డు ముందుకు పొడుచుకొస్తుంది, చూపు ఒక్కసారిగా పోవచ్చు. షుగర్ ఉన్న మనిషికి ఈ ఒంటిపక్క లక్షణాల్లో ఏ ఒక్కటి వచ్చినా అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు ముక్కులో ఎండోస్కోపు పెట్టి చూడాలి. యాంటీబయాటిక్ రాసి “అయిదు రోజుల తర్వాత రండి” అనడం ఇక్కడ చెల్లదు. రక్త క్యాన్సర్ రోగుల్లో చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో మందు మొదలుపెట్టడం 6 రోజులు, అంతకు మించి ఆలస్యమైనవాళ్లలో 12 వారాలకు సుమారు 83 శాతం మంది చనిపోయారు. అంతకంటే ముందే మొదలుపెట్టినవాళ్లలో 49 శాతం. ఈ జబ్బులో నేను ఎప్పుడూ మనసులో ఉంచుకునే అంకెలు ఇవే.

ఎండోస్కోపు లోపల ఏం చూస్తుందో కాస్త దగ్గరగా చెబుతాను. ముక్కులో టర్బినేట్లనే మడతలుంటాయి. మామూలుగా అవి తడిగా, గులాబీ రంగులో ఉంటాయి. పరికరం మొన తాకితే రోగి ఉలిక్కిపడతాడు, చిన్న చుక్క రక్తం వస్తుంది. జబ్బు తగిలిన మడత, ముఖ్యంగా మధ్య టర్బినేట్, మొదట పాలిపోయి తెల్లబారుతుంది, తర్వాతే నల్లటి పక్కు కడుతుంది. తాకితే నొప్పి ఉండదు, గిల్లితే రక్తం రాదు. పాలిపోయి, స్పర్శ లేని, రక్తం రాని మడత కనపడితే నలుపు కోసం ఎదురుచూడకుండా అక్కడే ముక్క తీయాలి.

ఆ ముక్కను ఏం చేస్తారన్నది చాలాచోట్ల తప్పే మెట్టు. రెండు సీసాలు కావాలి. ఒకటి స్టెరైల్ సెలైన్‌తో మైక్రోబయాలజీకి, రెండోది ఫార్మలిన్‌తో పాథాలజీకి. మొత్తం ముక్కను అలవాటుగా ఫార్మలిన్‌లో వేసేస్తే బూజు చచ్చిపోతుంది, ఇక కల్చర్ (ల్యాబులో బూజును పెంచి చూడటం) రాదు, ఏ జాతో తేలదు. పైపైన దూదిపుల్లతో తీసిన స్వాబు కూడా చాలదు. గాలిలో ఉండే బీజం స్వాబులో ఊరికే దొరకవచ్చు, కండలోకి చొచ్చుకుపోయిందా లేదా అన్నది కండ ముక్కే చెబుతుంది. ల్యాబులో ఆ ముక్కను నూరకూడదు, బ్లేడుతో సన్నగా తరగాలి. ఈ పోగులకు మధ్యలో గోడలు చాలా తక్కువ, నూరితే గొట్టం చిట్లి ప్రాణం పోతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, బూజును మెరిపించే కాల్కోఫ్లోర్ వైట్ రంగు చుక్క వేసి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద చూస్తే 6 నుంచి 16 మైక్రాన్ల వెడల్పుతో, నలిగిన రిబ్బన్ ముక్కల్లా, దాదాపు లంబకోణంలో కొమ్మలు చీలుతూ కనపడతాయి. ఆస్పర్‌జిల్లస్ అయితే 3 నుంచి 5 మైక్రాన్ల సన్నని పోగులు, వరుసగా అడ్డుగోడలు, 45 డిగ్రీల కొమ్మలు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే ఆస్పర్‌జిల్లస్‌కు మొదటి మందైన వొరికోనజోల్ దీని మీద పని చేయదు. ఫ్లూకోనజోల్ అసలే పని చేయదు. ఈ స్లయిడు ఫలితం గంటలో చేతికొస్తుంది. కల్చర్ రోజులు పడుతుంది, పైగా సగం కేసుల్లో ఏమీ పెరగదు. కాబట్టి కల్చర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన మందు ఆపకూడదు. మామూలుగా ఫంగస్ కోసం చేసే బీటా డి గ్లూకాన్, గెలాక్టోమానన్ రక్త పరీక్షలు ఈ బూజును పట్టవు. వాటి నెగెటివ్ రిపోర్టు చూసి ఫంగస్ లేదని నిర్ధారించుకోవడం పెద్ద పొరపాటు.

స్కానింగులో సీటీ ఎముక తినేయడాన్ని చూపిస్తుంది, కానీ అది ఆలస్యంగా వచ్చే మార్పు. కన్ను, మెదడు వైపు పాకడాన్ని కాంట్రాస్టు ఎమ్మారై ముందుగా పడుతుంది. కాంట్రాస్టు ఎక్కించినా వెలగకుండా నల్లగా ఉండిపోయిన టర్బినేట్ బలమైన సూచన. సీటీ మామూలుగా ఉందని అనుమానం వదలొద్దు.

వైద్యం మూడు కాళ్ల పీట. షుగర్ దించడం, చచ్చిన కండ తీసేయడం, బూజును చంపే యాంఫోటెరిసిన్ మందు ఎక్కించడం. ఇవి ఒకదాని తర్వాత ఒకటి చేసే పనులు కావు, మూడూ మొదటి రోజే మొదలవ్వాలి. “షుగర్ దిగాక ఆపరేషన్” అని నాలుగు రోజులు వాయిదా వేస్తే ఆ నాలుగు రోజులూ బూజు ఆగదు. కీటో అసిడోసిస్ (పైన చెప్పిన, కీటోన్లు చేరి రక్తం ఆమ్లమయ్యే స్థితి) ఉంటే ఇన్సులిన్ డ్రిప్పు, సెలైన్, పొటాషియంతో గంటల్లోనే దారికి తెచ్చి థియేటర్‌కు తీసుకెళ్లవచ్చు. తర్వాత 140 నుంచి 180 మధ్య నిలపాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కోవ మాత్రలు వాడేవాళ్లకు షుగర్ 200 దగ్గరే ఉన్నా కీటోన్లు పెరిగి ఉండవచ్చు. గ్లూకోమీటరు అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకుండా కీటోన్ పరీక్ష చేయించాలి, ఆ మాత్రలు ఆపించాలి.

ఆపరేషన్‌లో సూత్రం ఒక్కటే: రక్తం చిమ్మే ఆరోగ్యకరమైన అంచు వచ్చేదాకా తీయాలి. మొదట ఎండోస్కోపుతో సైనసులు శుభ్రం చేస్తారు, అంగిలిలోకి పాకితే పై దవడ ఎముక తీయాల్సి వస్తుంది. ఒక్కసారితో అయిపోతుందని ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. రెండు మూడు రోజుల్లో మళ్లీ చూసి, మళ్లీ తీయడం మామూలే. కన్ను తీసేయాలా అన్నది అన్నిటికంటే కఠినమైన నిర్ణయం. చూపు ఇంకా ఉండి, జబ్బు కంటి గూటిలో కొద్దిగానే ఉంటే కనుగుడ్డు వెనక యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఇస్తూ కన్ను కాపాడే ప్రయత్నం చేస్తారు. మిల్లీలీటరుకు 3.5 మి.గ్రా. బలంతో 1 మి.లీ. ఇస్తారు. చూపు పూర్తిగా పోయి, గూడంతా చచ్చి, మెదడు వైపు దారి తీస్తున్నప్పుడు కన్ను తీయడం ప్రాణం కోసమే.

ఇక మందు. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. లైపోసోమల్ (కొవ్వు బుడగల్లో నింపిన) యాంఫోటెరిసిన్ బి మోతాదు రోజుకు కిలోకు 5 మి.గ్రా., మెదడుకు పాకితే 10 దాకా. కొద్ది కొద్దిగా పెంచుకుంటూ వెళ్లే పద్ధతి లేదు, మొదటి రోజే పూర్తి మోతాదు. 60 కిలోల మనిషికి 300 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. వయల్స్ రోజుకు 6. నాలుగు వారాలకు 168. ఈ లెక్క మొదటి రోజే ఇంట్లోవాళ్ల ముందు పెట్టాలి. మూడు రోజులకు సరిపడా తెచ్చి, తర్వాత దొరక్క ఆగిపోవడం కన్నా ముందే ప్రభుత్వ కేంద్రానికి పంపడం మేలు.

పొడి రూపంలో వచ్చే వయల్‌లో 12 మి.లీ. స్టెరైల్ నీళ్లు పోయాలి. వెంటనే 30 సెకన్లు గట్టిగా కుదపాలి. మెల్లగా తిప్పితే చాలదు, గడ్డలు మిగులుతాయి. అప్పుడు మిల్లీలీటరుకు 4 మి.గ్రా. చొప్పున పసుపుపచ్చని, మసకగా ఉండే ద్రవం తయారవుతుంది. కావలసినంత సిరంజిలోకి లాగి, పెట్టెలో ఇచ్చిన 5 మైక్రాన్ల ఫిల్టరు తగిలించి, 5 శాతం డెక్స్‌ట్రోజ్ సీసాలోకి వదలాలి. 300 మి.గ్రా.కు 75 మి.లీ. అవుతుంది, మొత్తం 150 నుంచి 300 మి.లీ. మధ్య ఉండేలా కలిపి సుమారు 2 గంటల్లో ఎక్కిస్తారు. సెలైన్‌లో కలిపితే మందు విరిగి అడుగున పేరుకుంటుంది. సీసాయే కాదు, గొట్టంలో మిగిలిన సెలైన్ కూడా అంతే చేస్తుంది, కాబట్టి ముందూ వెనకా డెక్స్‌ట్రోజ్‌తోనే లైను కడగాలి. మన మార్కెట్లో కొన్ని తయారీల పద్ధతి వేరుగా ఉంటుంది, కాబట్టి కంపెనీ మారినప్పుడల్లా పెట్టెలోని కాగితం మళ్లీ చదవాలి. డెక్స్‌ట్రోజ్ చక్కెరే కదా అని భయపడి నర్సు సెలైన్‌కు మార్చిందంటే ఆ రోజు మోతాదు వృథా. 250 మి.లీ. సీసాలో ఉండేది పన్నెండున్నర గ్రాముల చక్కెర, ఇన్సులిన్ సర్దితే సరిపోతుంది.

ప్రాణాంతకమైన పొరపాటు మరొకటుంది. పేరు ఒకటే అయినా పాత రకం యాంఫోటెరిసిన్, లైపోసోమల్ ఒకటి కావు. పాత రకం కిలోకు 1 నుంచి 1.5 మి.గ్రా. మించకూడదు, 4 నుంచి 6 గంటల పాటు ఎక్కించాలి. లైపోసోమల్ లెక్కన 5 మి.గ్రా. చొప్పున పాత రకం ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. మందు కొరత ఉన్నప్పుడు బయటి నుంచి ఏది దొరికితే అది తెచ్చే పరిస్థితుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చీటీ మీద “యాంఫోటెరిసిన్” అని ఊరుకోకుండా పూర్తి పేరు రాయాలి, ఎక్కించే ముందు వయల్ మీది పేరు ఇద్దరు చదవాలి.

మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. లైపోసోమల్ తక్కువగా, పాతది ఎక్కువగా. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలిగితే మందుకు ముందు అర లీటరు నుంచి లీటరు సెలైన్ వేరే సీసాగా ఎక్కించడం దీనికి మంచి రక్షణ. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం మొదటి వారం రోజూ, తర్వాత వారానికి రెండు మూడుసార్లైనా చూడాలి. పొటాషియం ఎంత ఎక్కించినా పెరగకపోతే మెగ్నీషియం చూడండి. అది తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం నిలవదు. మొదటి అయిదు పది నిమిషాల్లో కొందరికి ఛాతీ పట్టేసినట్టు, నడుం నొప్పి, ముఖం ఎర్రబడటం వస్తాయి. డ్రిప్పు ఆపి, అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి, తగ్గాక నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు. దీన్ని చూసి “ఈ మందు పడదు” అని తేల్చేయడం తొందరపాటు. క్రియాటినిన్ పెరిగిందని కిలోకు 5 కంటే బాగా తగ్గించి సగం మోతాదుతో లాగించడం కూడా మంచిది కాదు. ఆ దశలో వేరే ఫంగస్ మందులైన ఇసావుకోనజోల్‌కో పోసాకోనజోల్‌కో మారడం మేలు.

సాధారణంగా 4 నుంచి 6 వారాల ఇంజెక్షన్ తర్వాత, పరిస్థితి కుదుటపడ్డాక మాత్రలకు దింపుతారు. పోసాకోనజోల్ 100 మి.గ్రా. మాత్రలు మొదటి రోజు మూడేసి రెండుసార్లు, తర్వాత రోజుకు ఒక్కసారి మూడు, అన్నంతో. చితక్కొట్టకూడదు. సిరప్ రూపం ఒంటికి సరిగా పట్టదు, మాత్ర మింగగలిగినవాళ్లకు సిరప్ వద్దు. ఇసావుకోనజోల్ అయితే 200 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి 6 మోతాదులు, తర్వాత రోజుకొకటి. షుగర్ రోగుల్లో చాలామంది కొలెస్టరాల్ కోసం అటోర్వాస్టాటిన్ వాడుతుంటారు. పోసాకోనజోల్‌తో కలిపితే కండరాలు కరిగి మూత్రపిండాలు చెడే ప్రమాదముంది, కాబట్టి దాన్ని ఆపించాలి. బీపీ కొత్తగా పెరిగి, పొటాషియం తగ్గుతుంటే అది కూడా పోసాకోనజోల్ పనే కావచ్చు. వీలున్నచోట వారం తర్వాత రక్తంలో మందు స్థాయి చూస్తే మంచిది, మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము పైన ఉండాలి. మాత్రలు చాలామందికి 3 నుంచి 6 నెలలు పడతాయి. ఎప్పుడు ఆపాలన్నది ఎండోస్కోపు, ఎమ్మారై, షుగర్ అదుపు మూడూ చూసి తేల్చాల్సిందే, తలనొప్పి తగ్గిందని ఇంట్లో ఆపేసేది కాదు.

ముక్కుతో సంబంధం లేని రూపాలూ ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో రక్తపు కళ్లెతో, యాక్సిడెంట్లలో మట్టి పడిన గాయంలో నల్లబడే చర్మంతో వస్తుంది. మట్టి గాయాల్లో మన దేశంలో అపోఫిసోమైసిస్ అనే జాతి ఎక్కువగా దొరుకుతుంది, వీళ్లకు షుగర్ ఉండకపోవచ్చు. ఏ లోపమూ లేని యువకుల మూత్రపిండాల్లో రావడం మన దేశంలో ప్రత్యేకంగా గమనించిన విషయం.

స్టెరాయిడ్ల మీద ఒక హెచ్చరిక ఇప్పటికీ అవసరమే. కరోనాలో ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే డెక్సామెథసోన్ రోజుకు 6 మి.గ్రా., గరిష్ఠంగా 10 రోజులు అన్నది నిరూపితమైన మోతాదు. ఇప్పుడు ఆయాసానికీ కీళ్లనొప్పులకూ దద్దుర్లకూ ఊళ్లో వేసే ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. షుగర్ ఉన్నవాళ్లకు అది తప్పనిసరైతే ఆ వారమంతా రోజుకు నాలుగుసార్లు షుగర్ చూసుకోవాలి. స్టెరాయిడ్ షుగర్‌ను మధ్యాహ్నం, సాయంత్రం పెంచుతుంది, పొద్దున్నే పరగడుపున చూసిన అంకె మామూలుగానే ఉండి మోసం చేస్తుంది.

ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చినవాళ్లకు చిన్న పనులే పెద్దవి. అంగిలికి రంధ్రం ఉంటే అన్నం, నీళ్లు ముక్కులోంచి వస్తాయి. పళ్ల విభాగంలో చేసిచ్చే, ఆ రంధ్రాన్ని మూసే అబ్చురేటర్ ప్లేటు పెట్టుకుంటే మింగడం, మాట్లాడటం రెండూ వస్తాయి. దాన్ని ప్రతి భోజనం తర్వాత తీసి కడగాలి. ముక్కును డాక్టరు చెప్పిన సెలైన్‌తో రోజూ కడుక్కోవాలి, లేకపోతే పక్కులు కట్టి లోపల ఏం జరుగుతోందో ఎండోస్కోపుకు కనపడదు. ఫైలులో నాలుగు విషయాలు రాసి ఉండేలా చూసుకోండి. ఎక్కించిన యాంఫోటెరిసిన్ ఏ రకం, ఏ కంపెనీది. ఇప్పటిదాకా మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు. చివరి క్రియాటినిన్, పొటాషియం ఎంత. బయాప్సీ స్లయిడ్లు, బ్లాకులు ఏ ల్యాబులో ఉన్నాయి. ఆసుపత్రి మారాల్సి వస్తే కొత్త డాక్టరు మొదట వెతికేది ఈ కాగితం కోసమే. అది లేకపోతే మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టేలోగా ఒకటి రెండు మోతాదులు జారిపోతాయి.